మాటలు తీసేసిన పాటలు

ఆ వీధిలో ఆమెను అందరూ సుత్తి అని పిలిచేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఈవిడ మాట మొదలెడితే ఆపదు కాబోలు అనుకుని దూరంగా తప్పుకునేవారు. నిజానికి రోజంతా కలిపినా ఆమె నోట్లోంచి పాతిక మాటలు రాలేవి కావు. గుద్దుకుని సొట్టలు పడ్డ కార్ల రేకుల్ని సాపు చేసే షెడ్డు ఆమెది. సొట్ట వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందువైపు నుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుని అరచేత్తో రేకును తడిమేది. కంటికి చిక్కని వంకర చేతికి దొరుకుతుందని ఆమెకు నేర్పింది నాన్న. తప్పు చేసినప్పుడల్లా ఆకురాయి పిడితో వేళ్ళ కణుపుల మీద కొట్టి మరీ నేర్పాడు.

నాన్న చెయ్యి ఎంత బరువో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరికంటే బాగా అమ్మకు తెలుసు.

అమ్మ పాటలు కట్టేది. గిన్నెలు తోముతూ, బట్టలు మడత పెడుతూ రాగం తీసి, మాటలు కుదిరాక ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకునేది. వీధి చివరి హాల్లో ఆదివారాలు జాజ్ వాయించేవారు. ఒక రాగం అందుకుని, వాయించే ప్రతివాడూ దాన్ని తనకు తోచిన దారిలో తిప్పుకొచ్చి మళ్ళీ మొదటి చోట వదిలే సంగీతం అది. నాన్న అక్కడ గిటారు వాయించి అమ్మ పాటలు పాడేవాడు. పాట ఎవరిదని అడిగితే, "ఇంకెవరిది?" అని నవ్వేవాడు. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. పాట నలుగురి చెవిన పడితే చాలనుకునేది.

సుత్తికి పదకొండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికి వచ్చి, బల్ల మీదున్న నోటుపుస్తకం తెరిచాడు. కొత్త పాటలో ఒక మనిషి ఎవరికోసమో మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"ఎవడు వీడు?" అన్నాడు నాన్న.

"పాటలో మనిషి," అంది అమ్మ.

"పాటలోకి ఎక్కణ్ణించి వచ్చాడు?"

అమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే నాన్న అరచెయ్యి ఎడమ చెవి మీద పడింది. ఆమె కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయింది. చెవిలోంచి సన్నగా రక్తం మెడ మీదికి దిగింది. ఆ చెవి మళ్ళీ వినలేదు. పద్నాలుగేళ్ళ అన్న అడ్డం వెళ్ళి నాన్న నడుము పట్టుకున్నాడు. నాన్న వాణ్ణి చొక్కా పట్టి ఎత్తి తలుపుకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. వాడు కింద పడ్డాక కూడా రెండుసార్లు తన్నాడు. తరవాత పుస్తకం తీసుకుని వెనక షెడ్డులోకి వెళ్ళి, వెల్డింగు మంట వెలిగించి, ఒక్కో కాగితమే కాల్చాడు. అప్పటికే సుత్తి షెడ్డులో ఒక కారు కిందికి దూరి ఉంది. కాలిన కాగితాలు ఆమె ముఖం ముందే రాలాయి.

ఆ రోజు తరవాత అమ్మ పాట రాయలేదు. అన్న మారిపోయాడు. అడ్డం వెళితే ఏమవుతుందో చూశాడు కనుక, ఇక ఎప్పుడూ నాన్న పక్కనే నిలబడ్డాడు. గిటారు నేర్చుకున్నాడు. పదహారో ఏట తొలిసారి చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నప్పుడు, అచ్చం నాన్నలాగే ముందు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

నాన్న పోవడం కూడా ఇనుము కిందే పోయాడు. వ్యాను కింద పడుకుని పని చేస్తుండగా జాకీ జారింది. పంతొమ్మిదేళ్ళ సుత్తి పక్కనే ఉంది. ఇంకో జాకీ పెట్టి బండి ఎత్తేలోపే ఆయన ఛాతీ నుజ్జయిపోయింది. ఆమె ఏడవలేదు. ఏడవడం లేదేమిటని అన్న ఆమెను శవం పక్కనే చెంపమీద కొట్టాడు. దినాలయ్యాక అన్న గిటారు తీసుకుని వేరే ఇంటికి వెళ్ళిపోయాడు. షెడ్డూ, వెనక రెండు గదులూ, అమ్మా సుత్తికి మిగిలారు.

పాతికేళ్ళు గడిచాయి. అన్న సొంత బృందం పెట్టుకుని, అమ్మ పాటలే పాడి ఊళ్ళో పేరు తెచ్చుకున్నాడు. ప్రతి పాటకూ ముందు "ఇది మా నాన్నగారి రచన" అని చెప్పేవాడు. అతని పెళ్ళాం రెండుసార్లు చెయ్యి విరిగాక కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. సుత్తి పెళ్ళి జోలికే పోలేదు. డ్రమ్స్ నేర్చుకుంది. "కొట్టడం ఒక్కటే కదా మా ఇంట్లో అందరికీ వచ్చిన పని," అనేది. ఆమె వేసిన జోకుల్లో ఎవరికైనా గుర్తున్నది అదొక్కటే.

ఆమెతో కలిసి వాయించేవాళ్ళు ఇద్దరు. ఒకరు సాక్సఫోన్ వాయించే బస్సు డ్రైవరు. నాన్న ఉన్నప్పటి నుంచీ హాల్లో వాయిస్తున్న మనిషి కనుక సుత్తి ఆయన్ను బాబాయ్ అనేది. రెండోది పియానో వాయించే నర్సు. ఆసుపత్రి డ్యూటీ దిగి అవే బట్టల్లో వచ్చేసేది.

ఒక ఆదివారం హాలుకు వెళ్ళేముందు డ్రైవరు షెడ్డుకు వచ్చాడు. సెలవు రోజైనా సుత్తి ఒక రేకు సాపు చేస్తోంది. అమ్మ గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన వాయిస్తున్న పాటే అది. కానీ మధ్యలో ఎవరూ వాయించని ఒక మలుపు ఉంది.

"అదెక్కడిదమ్మా? ఆ మలుపు మాకెవరికీ తెలీదే!"

"మీకెలా తెలుస్తుంది? వాళ్ళ నాన్నకి అక్కడ గొంతు ఎక్కేది కాదు. ఎగ్గొట్టేసేవాడు," అంది అమ్మ, దారం కొరుకుతూ.

"ఎగ్గొట్టడమేంటి? పాట ఆయనదే కదా?"

అమ్మ ఇంకో గుండీ అందుకుంది. డ్రైవరు సుత్తి వైపు చూశాడు. సుత్తి చేతిలో సుత్తి ఆగింది.

"అన్నీ ఈవిడవే బాబాయ్," అంది.

ఆయన అక్కడే ఒక టైరు మీద కూలబడిపోయాడు. ఎన్ని పాటలు, ఎన్ని ఆదివారాలు! ఆల్బమ్ ఆలోచన ఆ పూటే పుట్టింది. వెతికితే అమ్మలాంటివాళ్ళు ఇంకా నలుగురు తేలారు. ఇస్త్రీ పని చేసే ఆవిడ, సినిమా హాల్లో టిక్కెట్లిచ్చే ఆవిడ, ఇద్దరు చనిపోయినవాళ్ళు. అందరివీ మొగుళ్ళ పేర్లమీదో తమ్ముళ్ళ పేర్లమీదో చెలామణీ అయిన పాటలే. ఇస్త్రీ ఆవిడ మణికట్టు మీద పెట్టె ఆకారంలో కాలిన మచ్చ ఉంది. అదెలా వచ్చిందో ఆమె చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. చనిపోయినవాళ్ళ రాగాలను కూతుళ్ళు పాడి వినిపించారు.

పాడటానికి మంచి గొంతును చూద్దామని నర్సు అంటే అమ్మ ఒప్పుకోలేదు.

"మాటలొద్దు. ఆ మాటలకే దెబ్బలు తిన్నాను. రాగం మీద ఎవడికీ అనుమానం రాదు. అది వాయించుకోండి చాలు."

అలా అది మాటల్లేని ఆల్బమ్ అయింది. మొత్తం ఎనిమిది పాటలు. షెడ్డుకు సెలవు కాబట్టి ఆదివారం మధ్యాహ్నాలు, రేకుల గోడలకు దుప్పట్లు కట్టి, అక్కడే రికార్డు చేశారు. రెండు ఆదివారాల్లో ఐదు పూర్తయ్యాయి.

సంగతి అన్న చెవిన పడింది. ముందు ఒక రోజు ఒంటరిగా వచ్చాడు.

"నాన్న పేరు చెరిపేస్తావా?"

"చెరపడానికి అక్కడ ఆయన పేరెప్పుడుంది?" అంది సుత్తి.

"ఊళ్ళో నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాననుకోరూ?"

"చెప్పావుగా."

అన్న చేతి గడియారం తియ్యబోయి, డ్రైవరు లోపలినుంచి రావడం చూసి ఆగిపోయాడు. మర్నాడు షెడ్డు కిటికీ అద్దం పగిలి ఉంది. ఆ తరవాతి రోజు ఆమె డ్రమ్ము తోలు కత్తితో అడ్డంగా కోసి ఉంది. సుత్తి కొత్త తోలు బిగించింది.

మూడో ఆదివారం ఆరో పాట సగంలో ఉండగా అన్న ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ ఇనప కడ్డీలున్నాయి. మొదటి దెబ్బ రికార్డింగు మిషను మీద పడింది. రెండోది పియానో మెట్ల మీద. నర్సు చేతులు వెనక్కి లాక్కుంది కాబట్టి వేళ్ళు దక్కాయి. డ్రైవరు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, శబ్దానికి కళ్ళు తెరిచేలోపే అన్న కడ్డీ సాక్సఫోన్ మీదుగా ఆయన నోటి మీద పడింది. పై పెదవి రెండుగా చీలింది. మూడు పళ్ళు విరిగి చొక్కా మీద రాలాయి. అరవై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూలి, రెండు చేతులతో నోరు మూసుకుంటే వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది.

అమ్మ మూలన కుర్చీలోంచి లేచి, "ఒరేయ్, ఒరేయ్," అంటూ వచ్చింది. అన్న ఆమెను తోశాడు. కొట్టాలని కాదు, అడ్డం వచ్చిందని తోశాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి వెళ్ళి పనిబల్లకు తగిలి కూలబడింది.

సుత్తి డ్రమ్స్ వెనకనుంచి ఎలా లేచిందో ఆమెకే గుర్తులేదు. పనిబల్ల మీదున్న బరువైన సుత్తి ఆమె చేతికొచ్చింది. కడ్డీ ఒకటి భుజం మీద పడింది, తెలియలేదు. ఆ కొట్టినవాడి మోకాలి మీద ఒక్కటి వేసింది. వాడు కుప్పకూలి కేకలు పెట్టాడు, రెండోవాడు బయటికి పరుగెత్తాడు. అన్న మళ్ళీ కడ్డీ ఎత్తబోయాడు. ఆమె వాణ్ణి అక్కడున్న కారు బానెట్ మీదికి నెట్టి, కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమిపట్టి, సుత్తి దించింది. ఎముక చప్పుడు రేకు చప్పుడులో కలిసిపోయింది. కడ్డీ జారిపడింది. అన్న పాలిపోయి, "చాలే, చెల్లీ, చాలు," అన్నాడు.

అది చాలని ఆమెకు తెలుసు. తెలిసీ రెండోసారి కొట్టింది. నర్సు నడుము పట్టి వెనక్కి లాగకపోతే మూడోసారి కూడా కొట్టేది. చెయ్యి పైన ఆగిపోయినప్పుడు బానెట్ మీది రంగులో తన ముఖం కనిపించింది. పళ్ళు బయటపెట్టి, నాన్న ముఖంలా ఉంది. సుత్తిని కింద పడేసి బయటికెళ్ళిపోయింది.

కోర్టులో మొదటి దెబ్బను ఆత్మరక్షణ అన్నారు. రెండో దెబ్బ ఎందుకు కొట్టావని అడిగితే, "కొట్టాలనిపించింది," అని నిజం చెప్పేసింది. ఆమె తరఫు లాయరు తల పట్టుకున్నాడు. ఆమెకు ఏడు నెలలు పడింది. అన్నకు మొదలుపెట్టినవాడిగా పదకొండు నెలలు పడినా, చెయ్యి ఆపరేషన్ల మూలాన చాలాభాగం ఆసుపత్రిలోనే గడిచింది. ఆ వేళ్ళు మళ్ళీ గిటారు తీగను నొక్కలేదు.

జైలులో కూడా ఎవరి జోలికీ పోలేదు సుత్తి. ఒకసారి భోజనాల దగ్గర ఒకామె సుత్తి జుట్టు పట్టుకుని గోడకేసి కొడితే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ముక్కు పగిలినా చేతులు విప్పలేదు.

ఆరో నెలలో అన్న ముందుగా విడుదలై ఆమెను చూడటానికి వచ్చాడు. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

"నాన్న నన్ను తలుపుకేసి కొట్టిన రోజు గుర్తుందా?"

"ఉంది."

"ఆ రోజు నువ్వెక్కడున్నావు? నీకోసం చూశాను."

"కారు కింద."

"అవునా," అన్నాడు. "నేను పడి ఉన్నచోటి నుంచి షెడ్డు కనపడలేదు. నువ్వు వీధిలోకి పారిపోయావనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

"క్షమించు" అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. టైమయిందని కాపలా మనిషి చెబితే లేచి వెళ్ళిపోయాడు.

ఆమె బయటికొచ్చేసరికి డ్రైవరు పెట్టుడు పళ్ళతో మళ్ళీ సాధన మొదలుపెట్టాడు. పెదవి కుట్లు బిగుసుకుపోయి స్వరం కొంచెం గాలితో, బొంగురుగా వచ్చేది. "అచ్చం మా బస్సు హారన్‌లా వస్తోందే," అని తనమీద తనే నవ్వుకునేవాడు. మొదటి ఐదు పాటలూ నర్సు ఇంట్లో వేరే టేపులో భద్రంగా ఉన్నాయి. మిగిలిన మూడూ అదే షెడ్డులో వాయించారు. ఆల్బమ్ అట్ట మీద ఐదుగురు ఆడవాళ్ళ పేర్లే పెద్దక్షరాల్లో వేశారు. వాయించినవాళ్ళ పేర్లు వెనక ఒక మూల సర్దారు. ఇస్త్రీ ఆవిడ తన పేరును వేలితో రుద్ది చూసి, "ఇది చెరిగిపోదుగా?" అని అడిగింది.

అమ్మ కుడి చెవిని స్పీకరుకు ఆనించి ఎనిమిదీ విన్నది.

"మొదటి ఐదింట్లో బాగా కొట్టావు," అంది సుత్తితో. "తరవాతివాటిలో భయం భయంగా కొట్టావు. డ్రమ్ముకి దెబ్బ తగులుతుందేమోనన్నట్టు."

"చెయ్యి లేవట్లేదమ్మా."

"లేస్తుంది. కొన్నాళ్ళు పోనీ."

మర్నాడు అమ్మ సంచీ సర్దుకుంది. అన్న దగ్గరికి వెళ్ళిపోతానంది.

"నిన్ను తోసినవాడి దగ్గరికా?"

"వాడు చొక్కా గుండీ పెట్టుకోలేడు. నీకు రెండు చేతులున్నాయి," అంది అమ్మ. కాస్త ఆగి, కూతురి వైపు చూడకుండా, "విరిచింది నువ్వే కదా. ఎవరో ఒకరు చూడాలిగా," అంది.

ఆ మాట సుత్తికి కడ్డీ దెబ్బకంటే లోతుగా దిగింది. అయినా సంచీ తనే మోసుకెళ్ళి డ్రైవరు బస్సెక్కించింది.

అప్పటినుంచీ అమ్మ ఆదివారం పూట అదే బస్సులో షెడ్డుకు వస్తుంది. వాళ్ళు వాయిస్తుంటే మూలన కూర్చుని, నచ్చనిచోట చెయ్యెత్తి ఆపుతుంది. ఒకసారి సుత్తి ఉండబట్టలేక అడిగేసింది.

"వాడు విన్నాడా, మన ఆల్బమ్?"

"నేను పెడితే లేచి బయటికి పోతాడు."

"ఎక్కడికి?"

"గుమ్మం దాకా. అయిపోయేదాకా అక్కడే నిలబడతాడు," అంది అమ్మ. "ఆ నాలుగోది మళ్ళీ వాయించండి. బస్సుకింకా టైముంది."