దిబ్బ కింద కపిల

దెయ్యాల కథ చెప్పిన ప్రతివాళ్ళనీ బోనులో సాక్షిలా నిలదీసేదాన్ని. హాస్టల్లో నా ముందు ఎవరూ ఆ ఊసే ఎత్తేవారు కాదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురంలో లా చదువుతున్నాను. కదిరి వైపు ఒక పల్లెలో కంపెనీ గని తవ్వి, మట్టి దిబ్బలు వదిలేసి పోయింది. దిబ్బలు తీసి పొలం బాగుచేయించాలని నారాయణప్ప అనే రైతు తరఫున, నేను పని నేర్చుకుంటున్న సీనియర్ లాయరు కేసు వేశారు. కాగితాల పని నాది. అది ఎప్పుడూ బీడేనని కంపెనీ వాదన. మా బావి కింద పంట పండేదని నారాయణప్ప అంటాడు, కానీ దిబ్బలు పడి ఆనవాళ్ళు పోయాక బావి చోటు చూపలేడు. చూపకపోతే ఆయన నాలుగెకరాలు రాళ్ళ కిందే పోయినట్టు.

ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే పాత అడంగల్ నకలులో, శీర్షిక చెరిగిపోయిన గడిలో 'కపిల' అని ఉంది. ఎవరో కౌలుదారు అనుకున్నాను. కపిల అనే ఆయన తెలుసా అని రెండు వారాలు ఊళ్ళు తిరిగాను. అలాంటి మనిషే లేడన్నారు అందరూ, నారాయణప్పతో సహా.

ఒక మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే దిబ్బలు కొలుస్తున్నాను. గిలక కిర్రుమంది. నీళ్ళు భళ్ళున పడ్డాయి. తర్వాత ఒక మగ గొంతు, కొంచెం విసుగ్గా: "ఎనక్కి రాప్పా, ఎనక్కి."

తూర్పు దిబ్బ అడుగునుంచి వచ్చింది. చుట్టూ తిరిగి చూశాను. మనిషి కాదు కదా, గొర్రె కూడా లేదు. భయం వేసింది, ఒప్పుకుంటాను. అయినా అక్కడ కర్ర పాతి, ఎర్ర గుడ్డ కట్టే వచ్చాను.

విన్నది విన్నట్టు నారాయణప్పకు చెప్పాను.

"కపిలంటే మనిషి కాదమ్మా. ఎద్దుల్ని కట్టి తోలు బానతో నీళ్ళు తోడేది. బాన దింపేదానికి ఎద్దులు ఎనక్కి నడవాల. మా నాయనే తోలుతాండె. నా సిన్నప్పుడే నిలిపేసినాడు. ఆయన పోయి శానా ఏండ్లాయ."

నేను కపిలను ఎన్నడూ చూసి ఎరుగను.

కోర్టు కమిషనర్ ముందు గుడ్డ కట్టిన చోటే తవ్వించాం. బావి రాతికట్టు బయటపడింది. కేసు గెలిచాం, దిబ్బలు తీయించాం. చోటు ఎలా తెలిసిందని కమిషనర్ అడిగితే పాత వాళ్ళ మాట అన్నాను.

పొలంలో మళ్ళీ వేరుశనగ వేసిన రోజు నారాయణప్ప నన్ను బావి దగ్గరికి పిలిచాడు.

"మా నాయన ఇంకేమన్నా అన్నాడామ్మా?"

"లేదు, ఎద్దులనే పిలిచాడు" అన్నాను, క్షణం కూడా ఆగకుండా.

ఆ జవాబు ఏ కోర్టులోనూ చెల్లదు. అబద్ధమూ కాదు. ఆ పిలుపు నా చెవిన ఎలా పడిందో ఈరోజుకీ నాకు తెలియదు.