ఫుల్ ఫేస్ హెల్మెట్టూ, నా నోట్లో పొడీ

లేని మంటను ఆర్పారు. అదీ నా నోట్లో.

ఈ మాట ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. నా కారు అంటుకోలేదు. నా చొక్కా అంటుకోలేదు. నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల్లో ఒక్కటీ కమలలేదు. అయినా టెక్కలి దగ్గర, పట్టపగలు, జనమంతా చూస్తుండగా, కార్ల పోటీ నడిపే సంఘంవారు ఎర్ర సిలిండరు పట్టుకొచ్చి జానెడు దూరం నుంచి నా నోట్లో తెల్లపొడి కొట్టారు. కొట్టి ఊరుకోలేదు. ఫలితాల కాగితంలో ‘ఏడో నెంబరు: పోటీదారుకు మంట. పరుగు చెల్లదు’ అని రాశారు. పొడి పుక్కిలిస్తే పోయింది. ఆ రాత రెండేళ్లు పోలేదు.

జరిగిన అనర్థం వరసగా చెబుతాను. నవ్వదలచుకున్నవారు నవ్వండి. న్యాయం ఎటుందో చూస్తూ నవ్వండి, అంతే.

నాది పలాస. ఐదో తరగతిలో నాకూ బడికీ పడలేదు. బడి అక్కడే ఉండిపోయింది, అక్షరాలు మాత్రం నా వెంట వచ్చేశాయి. జీడిపప్పు పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి కార్ల మరమ్మతు పుస్తకాల దాకా చేతికందినదల్లా చదివాను. నలభై ఏళ్లు కార్లు విప్పాను, బిగించాను. ఒకసారి చదివింది మరిచిపోను. ఒకసారి పడ్డ మాట అసలే మరిచిపోను.

పడ్డ మాటల్లో ముప్పాతిక మా ఆవిడ నీలవేణి అన్నగారు కోదండరావువి. టెక్కలిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేనాయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. ఇద్దరం ఆ మాటను తిట్టులాగే వాడతాం. సోంపేటలో మా పెళ్లినాడు, తాంబూలాలు పంచుతూ, ‘మా బావకి కారు నడపడమొచ్చుగాని కారంటే ఏటో తెలీదు’ అన్నాడు. ఆ వేళ ఆయన వేసుకున్నది ఆకుపచ్చ చారల చొక్కా. పైనుంచి మూడో గుండీ లేదు.

రెండేళ్ల కిందట, టెక్కలి దగ్గర మూతపడ్డ రాళ్ల యార్డులో సరదా కార్ల పోటీ పెట్టారు. యాభై దాటినవారికి వేరే విభాగం. అప్పటికి నాకు అరవై నాలుగు. ఉడుకు రక్తం, ముందూ వెనకా చూడని వయసు. బావ పేరిచ్చాడని తెలియగానే నేనూ ఇచ్చాను.

పోటీ అంటే పక్కపక్కన దూసుకుపోవడం కాదు. ఎవరి కారు వారు తెచ్చుకుని, ఒక్కొక్కరే మట్టిదారిలో ఒక చుట్టు తిరగాలి. తక్కువ సమయంలో తిరిగినవాడు గెలిచినట్టు. మలుపుల్లో గోడలకు బదులు కొబ్బరిపీచు బస్తాలు పేర్చారు. మా కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టినవాడికి పీచు బస్తాను గుద్దడమంటే సొంత పరుపు మీద పడడమే. అందుకని భయమేమీ లేదు. హెల్మెట్లు సంఘంవారే ఇస్తారు.

ఆ హెల్మెట్ల బల్ల దగ్గరే మొదలైంది.

బల్ల మీద రెండు రకాలున్నాయి. ఓపెన్ ఫేస్ అనేది నెత్తినీ చెవులనూ కప్పి మొహాన్ని గాలికి వదిలేస్తుంది. ఫుల్ ఫేస్ అనేది గడ్డానికి అడ్డంగా కమ్మీ పెట్టి, కళ్ల ముందు అద్దం దించి, మనిషిని డబ్బాలో పెట్టి మూత వేస్తుంది.

“నాకు ఓపెనే,” అన్నాడు బావ, కూరగాయల కొట్లో ఆనపకాయను చూసినట్టు హెల్మెట్టును గోటితో కొట్టి చూస్తూ. “కారుకి పైన కప్పుంది, ముందర అద్దముంది. మళ్లీ మొహానికో అద్దమేటి? గాలాడాల, సుట్టూ కనపడాల.”

“బండి గుద్దితే స్టీరింగొచ్చి దవడకి తగుల్తాది. అప్పుడేటి సేత్తావు?” అన్నాను.

“నా దవడకేటవుద్ది బావా? పెళ్లినాటి నుంచీ పగలగొట్టాలని సూత్తన్నావు. పగిలిందా?”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఇక నాలోని చదువు ఆగలేదు. అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చాను. మోటారు సైకిలు హెల్మెట్టు వేరు, కార్ల పోటీ హెల్మెట్టు వేరు. కారులో నిప్పు పుట్టే అవకాశం ఉంది కాబట్టి దీని లోపలి గుడ్డ నిప్పుకు తట్టుకునేదై ఉండాలి. గడ్డం కమ్మీ దవడను కాస్తుంది, అద్దం దుమ్మును ఆపుతుంది. ఇంత చెప్పి, ఫుల్ ఫేస్ ఒకటి ఎత్తి జనానికి చూపించాను కూడా.

బల్ల అవతల రక్షణ వ్యవహారం చూస్తున్నది లింగరాజు మేష్టారు. ఇచ్ఛాపురం వైపు బడిలో డ్రిల్లు చెప్పేవాడు. పోటీలోనూ అదే గొంతు. “పైకప్పున్న కారుకి రెండూ సెల్లుతాయండి. తొరగా తేల్సండి. ఎనకాల లైనాగిపోతంది!”

“అయితే పందెం,” అన్నాడు బావ. “ఓడినోడు గెలిసినోణ్ణి సుట్టాలందరి ముందరా ‘గురువుగారూ’ అని పిలవాల. లేసి నిలబడి పిలవాల. బతికున్నన్నాళ్లూ.”

“ఖాయం,” అన్నాను.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి నా పరిస్థితి ఆలోచించాలి. మా ఇద్దరి చుట్టాలూ ఒకరే. నెలకు రెండు శుభకార్యాలు తప్పవు. ప్రతి పందిట్లోనూ నేను విస్తరి ముందు నుంచి లేచి ఆ చారల చొక్కా మనిషిని గురువుగారూ అనాలి. చావే నయం.

బావ పరుగు ముందు వచ్చింది. ఒక నిమిషం నలభై సెకన్లలో తిరిగి వచ్చాడు. కారు దిగితే ఎవరూ గుర్తుపట్టలేదు. కిటికీల్లోంచి వచ్చిన ఎర్రదుమ్మంతా మొహం మీదే దిగింది. ఇటుక బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుక నడిచి వచ్చినట్టు వచ్చాడు. నవ్వితే పళ్ల మధ్య ఇసుక కరకరమంది.

“గాలాడిందా బావా?” అని అడిగాను.

“త్ఫూ,” అన్నాడు. అంతకంటే మాట పెగల్లేదు.

శాస్త్రం నా వైపుంది! ఆ ఆనందంలో నా కారు వెనక్కి వెళ్లాను.

ఎందుకు వెళ్లానో ఇప్పుడు చెప్పక తప్పదు. ఇంతసేపూ మీ దగ్గర ఒక సంగతి దాచాను. అబద్ధం ఆడలేదు. మీరు అడగలేదు.

మా ఉద్దానంలో సముద్రపు గాలికి చుట్ట నిలవదు. అందుకని మా అమ్మ, వాళ్లమ్మ, జీడితోటల్లో పని చేసుకుంటూ, చుట్ట వెలిగించి వెలిగిన కొసను నోట్లోకి తిప్పుకుని పెదవులు మూసేవారు. దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, చల్లని కొస బయట. గాలి ఆర్పలేదు, చేతులు ఖాళీ. పెట్రోలు ట్యాంకుల కింద పడుకుని పని చేసేవాడికి ఇంతకంటే క్షేమమైన పద్ధతి లేదని నా నమ్మకం. కాని ఆ ఏడాది మొదట్లో నీలవేణి నా చేయి తన నెత్తిన పెట్టించుకుని చుట్ట మానిపించింది. నేనూ మానేశాను. ఆవిడ ఎదుట.

కారు వెనక కూర్చుని, వెలిగించి, లోపలికి తిప్పి, రెండు దమ్ములు లాగానో లేదో, “ఏడో నెంబరూ!” అని లింగరాజు మేష్టారి కేక. పారేయొచ్చు కదా అంటారు. అప్పుడే వెలిగించిన చుట్ట. పైగా పది గజాల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో నీలవేణి. నోరు తెరిస్తే పొగ, పొగ వస్తే ఇల్లు లేదు. గబుక్కున హెల్మెట్టు తొడిగేశాను.

అప్పుడు తెలిసింది. చుట్ట బయటి కొస పెదవుల ముందు అంగుళం ఉంటుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్లో గడ్డం కమ్మీకీ పెదవులకూ మధ్య అంగుళం ఉండదు. కమ్మీ చుట్టను లోపలికి నెట్టింది. నిప్పు కొండనాలుక వైపు బయలుదేరింది.

మేష్టారు కిటికీలోకి వంగాడు. “హెల్మెట్టు బిగుతుగా ఉందా?”

తలూపాను.

“వదులుగా ఉందా?”

తలూపాను.

“ఏదో ఒకటి సెప్పండి మావా!”

అడ్డంగానూ నిలువుగానూ ఊపాను.

“భయమేత్తందేటి?”

ఈసారి ఊపలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. ఆయన జాలిపడి నా భుజం తట్టాడు. “మొదటిసారి అలగే ఉంటాది,” అని అద్దం దించి టక్కుమనిపించి, జెండా ఊపాడు.

మొదటి మలుపు ఎంత అందంగా తిప్పానో చూసినవారిని అడగండి. రెండో మలుపు ఎలా ఉందో నన్ను అడగకండి, నేను చూడలేదు. ముక్కుతో వదిలిన పొగ ఎక్కడికి పోతుంది? అద్దం మూసే ఉంది, కమ్మీ అడ్డంగా ఉంది. జీడిపిక్కలు కాల్చే బట్టీలో తల పెట్టినట్టయింది. ఒక చేత్తో అద్దం ఎత్తబోయాను, రాలేదు. బండి మెల్లగా, మర్యాదగా, పీచు బస్తాల్లోకి వెళ్లి కూర్చుంది. హెల్మెట్టు సందుల్లోంచి పొగ నాలుగు వైపులా లేస్తోంది.

“ఓలమ్మోలమ్మ! ఆయన బుర్ర కాలిపోతంది!” అని ఎవరో ఆడమనిషి అరిచింది.

మేష్టారూ ఇంకో ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. అద్దం పైకెత్తారు. నాలుగు ఇడ్లీ పాత్రల మూతలు ఒక్కసారి తీసినంత పొగ వచ్చింది. అంతవరకూ ఫరవాలేదు. అక్కడ నేను చేసిన తప్పు ఒక్కటే. వివరించబోయాను.

“నిప్పు లే...” అన్నాను.

అనాలంటే నోరు తెరవాలి కదా! తెరిస్తే లోపల నిప్పు ఎర్రగా నిగనిగలాడుతోంది.

“లోపల్నే మంటుంది! కొట్టండి!” అన్నాడు మేష్టారు.

కొట్టారు.

హెల్మెట్టు లోపలి గుడ్డ నిప్పుకు తట్టుకుంటుందా లేదా అని లోపలి వైపు నుంచి పరీక్ష చేసినవాణ్ణి బహుశా ఈ దేశంలో నేనొక్కణ్ణే. తట్టుకుంది. ఆ గుడ్డ నేసినవారికి ఈ సందర్భంగా నా నమస్కారాలు.

నన్ను కిందికి దించి వీపు చరిచారు. నోట్లోంచి తెల్లగా, తడిగా, వేలెడంత వస్తువు మట్టిలో పడింది. నీలవేణి వచ్చి దాన్ని పుల్లతో తిప్పి చూసింది.

“ఇదేటి?”

“హెల్మెట్టు సామాను,” అన్నాను. “లోపలి రబ్బరు. ఊడొచ్చీసింది.”

ఎర్రమొహం బావ వంగి, వాసన చూసి, “సెల్లీ, ఈ రబ్బరు పొగాకు వాసనేత్తందే!” అన్నాడు. అంతసేపూ పెగలని గొంతు అప్పుడే పెగలాలా?

“మానీసినావు కదా?” అంది నీలవేణి. ఆ పుల్లతోనే దాన్ని మట్టిలో కప్పెట్టింది. ఇంటికి వచ్చాక నా చుట్టల కట్ట వెతికి పొయ్యిలో పెట్టింది. ఆవిడ తిట్టినా బాగుండేది.

సరే, అది మా ఇంటి గొడవ. పందెం సంగతి వేరు. నా పరుగు చెల్లదన్నారంటే నేను ఓడలేదనే కదా అర్థం? పరుగే లేనివాడు ఎలా ఓడతాడు? ఈ చిన్న తర్కం బావకు ఎక్కలేదు. కవిటిలో గృహప్రవేశానికి వెళితే, పది విస్తళ్ల అవతల నుంచి, “బావా, ఏటో అనాల నువ్వు. లెగు, లెగు!” అన్నాడు. పులిహోర తింటున్న పంక్తి పంక్తంతా నా వైపు తిరిగింది. నేను లేవలేదు. మళ్లీ పరుగు సంపాదించి, గెలిచి, ఆయన చేతే అనిపించాలని ఆ విస్తరి ముందే నిశ్చయించుకున్నాను.

సంఘంవారికి ఉత్తరం రాశాను. ‘అయ్యా, నా కారులో గాని, కారు మీద గాని, కారు కింద గాని నిప్పు లేదు. కావున నాకు మరల పరుగు ఇప్పించవలెను.’ నిప్పు ఎక్కడుందో రాయలేదు. జవాబు లేదు. రెండో ఉత్తరంలో అడ్డపొగ మా ఉద్దానపు ఆడవారు గాలితో గెలిచిన విద్య అని, దాని మీద పొడి కొట్టడం మా అమ్మ మీద కొట్టినట్టే అని, నాలుగు పేజీలు రాశాను. జవాబు లేదు. మూడో ఉత్తరానికి ముందు వారి నియమాల పుస్తకం తెప్పించి అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అప్పుడు దొరికారు! ‘మీ పుస్తకంలో హెల్మెట్టు గురించి పదకొండు నియమాలున్నవి. పోటీదారు నోటి గురించి ఒక్కటి లేదు. నా నోటిలో ఉన్నది నా సొంత నిప్పు. దానిని ఆర్పుటకు మీకు హక్కు ఎక్కడిది?’ అని నిలదీశాను. కవరు అంటించి పోస్టులో వేసింది నీలవేణి.

ఈలోగా నా తప్పు నేను ఒప్పుకోలేదని కాదు. ఫుల్ ఫేసా ఓపెన్ ఫేసా అనే ప్రశ్నకు ఇప్పటికీ నా జవాబు ఫుల్ ఫేసే. దాని లోపల ఏముండాలన్న దగ్గరే పొరపడ్డాను. తల ఒక్కటే ఉండాలి. అందుచేత, పలాస జీడి బట్టీల పొగ సాక్షిగా, నేనింక జన్మలో గడ్డం కమ్మీ ఉన్న ఏ వస్తువులోనూ వెలిగించిన ఏ వస్తువుతోనూ తల దూర్చనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఓపెన్ ఫేస్ సంగతి ఈ ప్రమాణంలోకి రాదు.

మొన్న మంగళవారం జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

“గౌరవనీయులైన దాలయ్యగారికి, మీ కారుకు నిప్పంటుకోలేదని సంఘం ఒప్పుకుంటున్నది. ‘మంట’ అన్న మాట కొట్టివేశాము. వచ్చే పోటీలో మీకు మళ్లీ పరుగు ఇస్తున్నాము. ఏ హెల్మెట్టు అన్నది మీ ఇష్టం. నోటి గురించి నియమం లేదని మీరు చూపినందుకు కృతజ్ఞతలు. పన్నెండోదిగా చేర్చాము: హెల్మెట్టు తొడుక్కునే ముందు ప్రతి పోటీదారుడూ నోరు తెరిచి, నాలుక ఎత్తి, తనిఖీదారుకు చూపవలెను. ఈ పనికి మనిషి ఎక్కడ దొరుకుతారా అనుకుంటుండగా, మీ మూడో ఉత్తరం వచ్చిన కవరులోనే ఇంకో ఉత్తరం కూడా కనిపించింది. అందులో కోరినట్టే, తనిఖీదారుగా మీ శ్రీమతి నీలవేణిగారిని నియమించాము.”