బాపు పట్టిన నాడి

మా బాపు ఐలేశం పోయి ఏడాది దాటింది. కేతేపల్లిలో ఆయన పేరెత్తితే అందరికీ గొర్రెల మందే గుర్తొస్తుంది. నాకు మాత్రం హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మతో తగవు పడ్డ మనిషి గుర్తొస్తాడు.

నా బిడ్డ మల్లీశ్వరికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి కూలబడేది. గుండె దడదడలాడి పావుగంటకు దానంతటదే తగ్గేది. నల్గొండలో మూడుసార్లు ఈసీజీ తీయించాం. మిషను ముందు దాని గుండె బుద్ధిగా నడిచింది. ‘పిల్ల భయపడుతోంది, అంతే’ అన్నారు. బాపు దడ వచ్చినప్పుడల్లా నాడి లెక్కపెట్టి గోడమీద బొగ్గుతో రాశాడు. ఆ గోడను ఫోన్లో ఫొటో తీసి, బాపును వెంటబెట్టుకొని వెళ్లి హైదరాబాద్‌లో పిల్లల గుండె డాక్టరు సుచరితకు చూపించాను.

"నూట పదేగా తాతా! ఈ వయసుకు మామూలే."

"మామూలా? నలభై ఏండ్ల సంది మందను లెక్కవెడుతున్న. ఒక్క పిల్ల తక్కువ రాలే!"

"అయితే నాది చూడు," అని ఆమె చెయ్యి చాపింది.

బాపు గడియారం చూస్తూ నిమిషం పట్టుకున్నాడు. "ముప్పై తొమ్మిది."

"అదే నిజమైతే నన్ను ఈపాటికి మంచమ్మీద పడుకోబెట్టాలి. ఎట్లా లెక్కపెట్టావు?"

"గొర్లను లెక్కవెట్టినట్టే. రెండు దాటితే ఒకటి. గంత జోరుగ ఉరుకుతుంటే ఒక్కొక్కటి ఎవలు లెక్కవెడుతరమ్మా?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. గోడమీది నూట పది అంటే రెండు వందల ఇరవై! వెంటనే మల్లి ఛాతీకి, రాత్రీపగలూ గుండె నడకను నమోదు చేసే చిన్న పరికరం అతికించింది. మూడో రోజు దడ అందులో దొరికింది.

తొడనరం గుండా సన్నని తీగ గుండెలోకి పంపి, గుండెను కొట్టించే కరెంటు దారితప్పే చోటును కాల్చేస్తామంది.

"దొడ్డికి సందుంటే కంప కొట్టినట్టు," అన్నాడు బాపు.

"అంతే. కానీ ఆ చోటు తెలియాలంటే ముందు దడను మేమే లేపాలి."

"తగ్గియ్యమని తీసుకొస్తే మీరే లేపుతరా?"

అయినా నేను సంతకం పెట్టాను. మూడు గంటల తర్వాత ఆమె బయటికొచ్చింది. "కాల్చాక అరగంటగా లేపుతున్నాం తాతా. ఎంత కదిలించినా రావడం లేదు."

రెండేళ్లు ఆ దడ రాకూడదని మొక్కిన మనిషి, ఆమె కష్టానికి నొచ్చుకున్నాడు. "ఫికర్ జెయ్యకుమ్మా. జరసేపు చూడుండ్రి, వస్తది."

"రావద్దు తాతా! రాకపోతేనే నయమైనట్టు."

బాపు వరండాలో కింద కూలబడి, తలరుమాలు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.