మద్నూర్‌లో మా కరస్పాండెంట్ గారి ప్రసంగం

2009లో నేను కామారెడ్డిలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరాను. మా కరస్పాండెంట్ గారు అంతకుముందు రైస్ మిల్లు నడిపేవారు. బియ్యమైనా పిల్లలైనా పాలిష్ పట్టిన కొద్దీ రేటు పెరుగుతుందని ఆయన నమ్మకం. నా పీరియడ్ భోజనం తర్వాత ఉండేది. లెక్కల సారుకు పరీక్ష పెట్టాలనిపించినప్పుడల్లా అది ఆయన ఖాతాలోకి వెళ్లిపోయేది.

మరుసటి ఏడు, సంస్కృతంలో మార్కులు ధారాళంగా వేస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు. వారం తిరక్కముందే కాలేజీ మొత్తం సంస్కృతంలోకి మారింది. ఇకమీదట అది మీరే చెప్పాలని నన్ను పిలిచి చెప్పారు. నాకు సంస్కృతం రాదన్నాను.

"పిల్లలకు గూడ రాదు గద మేడం. జవాబులు వేరే భాషల రాసినా మార్కులేస్తరంట. ఇంక మీకొచ్చి ఏం జేస్తరు?" అన్నారాయన.

గైడు కొనుక్కుని చెప్పడం మొదలుపెట్టాను. మార్కులు నిజంగానే వచ్చాయి.

ఎదురు చెప్పింది ఒక్క అమ్మాయే. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. వాళ్లింట్లో మరాఠీ మాట్లాడతారు. బడిలో కష్టపడి నేర్చుకున్న తెలుగును వదులుకోనని పట్టుబట్టింది. ఒక్క పిల్ల కోసం క్లాసు పెట్టలేమని ఆయన కొట్టిపారేశారు. దాంతో భోజనాల వేళ నా దగ్గరికి వచ్చి, నా సంచిలోని కథల పుస్తకాలు చదువుకునేది. అర్థం కాని మాట వస్తే అన్నం కలపడం ఆపి మరీ అడిగేది.

వేసవిలో అడ్మిషన్ల కోసం కరస్పాండెంట్ గారు మద్నూర్ బయలుదేరారు. ఆడపిల్లల తల్లులకు నమ్మకం కలగాలని నన్ను, ఊరి పిల్ల కదా అని ఆ అమ్మాయిని జీపులో ఎక్కించుకున్నారు. బడి వరండాలో జనం బాగానే కూర్చున్నారు. ఆయన సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి దంచేస్తుంటే, ముందు వరుసలోని ఆడవాళ్లు ఆయన బూట్లను చూస్తూ ఉండిపోయారు. చివరికి ఆ అమ్మాయిని లేపి, తను చెప్పేది మరాఠీలో చెప్పమన్నారు.

"భాషలు, చరిత్రలు సదివితే కడుపు నిండది. మా కాలేజీల అసొంటివాటికి టైం వేస్టు జెయ్యం," అన్నారు.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేకుండా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఒక ముసలావిడ ఏదో అడిగింది. వరండా అంతా నవ్వింది. కరస్పాండెంట్ గారూ నవ్వి, ఆ తర్వాత ఏమడిగిందన్నారు.

"భాషలు పనికిరావంటున్నరు గద, మరి ఈ పిల్లనెందుకు తోలుకొచ్చిండ్రని అడుగుతుంది సార్."

ఆయన తల ఊపి, మంచి ప్రశ్న అని చెప్పమన్నారు. ఆమె అదీ చెప్పింది. జనం మళ్లీ నవ్వారు. రెస్పాన్స్ బ్రహ్మాండంగా ఉందని తిరుగు దారి పొడుగునా ఆయన మురిసిపోయారు.

అడ్మిషన్లూ వచ్చాయి, వాటితోపాటు తల్లిదండ్రుల ఫోన్లూ వచ్చాయి. ఫోన్లో మరాఠీ వినబడగానే అటెండరు క్లాసుకు వచ్చి ఆ అమ్మాయిని ఆఫీసుకు తీసుకెళ్లేవాడు. ఎక్కువగా ఫిజిక్స్ పీరియడే పోయేది. ఫిజిక్స్‌లో మార్కులు తగ్గాయని అదే కరస్పాండెంట్ గారు ఆమెను క్లాసులో నిలబెట్టి తిట్టారు. మర్నాడు అటెండరు వస్తే, లెక్కలు చేసుకోవాలి, రానని చెప్పి ఆమె తల వంచుకుని రాసుకుంది.

ఆ రోజు వచ్చింది ఫోను కాదు, బిచ్కుంద నుంచి ఒక రైతు, మా కాలేజీలో చదివే ఒక పిల్ల తండ్రి. ఆయన మరాఠీలో కరస్పాండెంట్ గారికి తెలిసింది ఒక్కటే మాట, లగ్న. చదువుకునే పిల్లకు పెళ్లి చేస్తావా, పోలీసులను పిలుస్తానని ఆయన లేచి నిలబడ్డారు. తెలుగు సరిగా రాకపోయినా పోలీసులన్న మాట రైతుకు అర్థమైంది. గొడవ విని ఆ అమ్మాయే పరుగున వచ్చింది. పెళ్లి రైతు బిడ్డది కాదు, ఆ బిడ్డ మేనమామదట. పిల్లను ఆ పెళ్లికి తీసుకెళ్లడానికి వచ్చాడట. అది తేలేసరికే ఆలస్యమైపోయింది. అందరి ముందు దొంగలా నిలబెట్టారని ఆ రైతు టీసీ అడిగి తీసుకుని బిడ్డతో వెళ్లిపోయాడు. మంచి ర్యాంకు పిల్ల పోయిందని కరస్పాండెంట్ గారు చాలా రోజులు బాధపడ్డారు. రైతుకు క్షమాపణ చెప్పాలని మాత్రం తోచలేదు.

2012లో నేను ఎల్లారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా మారాను. మద్నూర్ అమ్మాయి అక్కడే తెలుగు తీసుకుని బీఏలో చేరింది. ఇంజినీరింగ్ చదవాల్సిన పిల్ల పాడైపోయిందని వాళ్ల వాడలో అనుకున్నారట. క్లాసులో పిల్లల కన్నా బల్లలే ఎక్కువ. అయినా నా పీరియడ్‌ను ఎవరూ లాక్కోలేదు.

ఒక సెలవురోజు పుస్తకాల కోసం ఇద్దరం కామారెడ్డి వెళ్లాం. బస్టాండు దగ్గర పాత కాలేజీ హోర్డింగు మీద ఆమె ఫోటో ఉంది. కింద ఇంజినీరింగ్ సీటు సాధించిన మా విద్యార్థిని అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిదానంగా చూసింది.

"ఫోటోల మంచిగనే ఉన్న మేడం. కింద రాసిన దాంట్లనే తప్పుంది," అంది.