అక్క చదివిన ఆరంకెలు

మొన్న పంజాగుట్టలో మా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మందులకు డబ్బు కడుతుంటే, బ్యాంకు పంపిన ఓటీపీ నేను కళ్లజోడు వెతుక్కునేలోపే దానంతటదే వచ్చి గడిలో కూర్చుంది. ఈ కాలం పిల్లలకిది మామూలే. నాకు మాత్రం ఒక్కసారిగా అక్క మీద బెంగ పుట్టుకొచ్చింది.

నేను దోహాలో బిల్డింగుల ప్లాన్లు గీసే ఉద్యోగం చేసిన రోజుల్లో, ఇక్కడి క్రెడిట్ కార్డు నా వెంట వచ్చింది గాని, దానికి జోడించిన ఫోన్ నంబరు అమీర్‌పేటలోనే ఉండిపోయింది. రోమింగ్ ఖర్చుకు జడిసి, ఆ సిమ్మును ఓ బటన్ల ఫోన్‌లో వేసి ఇంట్లోవాళ్లకు అప్పగించి విమానమెక్కినవాళ్లు మన ఈడువాళ్లలో చాలామందే ఉంటారు. నేను మా అక్కకు అప్పగించాను. బావ పోయాక ఆవిడ కూతురితో కలిసి కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మేడ మీద రెండు గదుల్లో ఉండేది. ఆ ఫోన్ దేవుడి పటాల పక్కన, ఎప్పుడూ చార్జింగ్‌లోనే.

సెలవులకు టికెట్టు కొనాలన్నా, ఇక్కడి కరెంటు బిల్లు కట్టాలన్నా అక్కకు ఫోన్ చేయాల్సిందే. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. మొదటిసారి మెసేజీలో కనబడ్డ అంకెలన్నీ, కార్డు చివరి నాలుగంకెలతో సహా వరసగా చదివేసేసరికి గడువు కాస్తా దాటిపోయింది. తర్వాత తర్వాత ఆరితేరింది. కింద కోర్సుల కాగితాలు పంచేవాళ్ల అరుపులు వినబడకుండా కిటికీ మూసి, రెండేసి అంకెలుగా ఒత్తి పలికేది. అయితే దానికి ముందు, "తమ్మీ, తిన్నవా? జర ఆగు, అద్దాలు పెట్టుకోనీ" అనడం మాత్రం మానేది కాదు. నేను విసుక్కునేవాణ్ని. "తిన్న గని అక్కా, ముందుగాల నంబరు చెప్పు!" చాలాసార్లు తినకుండానే అనేవాణ్ని ఆ మాట. కొంపలు మునిగిపోతున్నట్టు, అంకెలు అందగానే ఫోన్ పెట్టేసేవాణ్ని.

కొన్నేళ్లకు బ్యాంకువాళ్లు ఓటీపీని ఈమెయిల్‌కు కూడా పంపడం మొదలుపెట్టారు. ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇక ఆ ఫోన్ అక్కర్లేదని అక్కకు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. సిగ్గుపడాల్సిన మాటే, అసలు ఆవిడకు ఫోన్ చేయడమే తగ్గిపోయింది.

అక్కకు జబ్బు ముదిరిందని తెలిసి నేను వచ్చేసరికే అంతా అయిపోయింది. దినాలయ్యాక మేనకోడలు ఆ బటన్ల ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మెసేజ్ మోగినప్పుడల్లా కిటికీ మూసి, అద్దాలు పెట్టుకొని నీ ఫోన్ కోసం కూసునేది మామా. నువ్వు చెయ్యకపోతే, తమ్ముడు పనిల ఉన్నట్టున్నడు అనేది. దవాఖానకు సుత వెంట తీస్కపోయింది." ఆ ఫోన్‌లో మెసేజీలు తెరిచి చూశాను. వచ్చిన ఒక్క మెసేజీ కూడా చెరిపెయ్యలేదు అక్క.

ఆ నంబరే ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. ఏ పనికీ ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. మొన్న గడిలో పడ్డ అంకెలను చెరిపేసి, లేచి వెళ్లి కిటికీ మూసి, రెండేసిగా పైకి చదువుకుంటూ మళ్లీ కొట్టాను. అప్పటికే గడువు దాటిపోయింది. ఆ పూట నేనింకా తినలేదు. ఎవరైనా అడిగి ఉంటే, ఈసారి నిజమే చెప్పేవాణ్ని.