మామ అంబాసిడర్‌కు నేను వేయించిన వెల్డింగు

ఆ రోజుల్లో కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో దండిగా ఉండింది ఎండ ఒక్కటే. ఆ ఎండకు కూడా గిరాకీ వచ్చి తిరుమణి చుట్టుపక్కల పొలాలన్నీ సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాయి. దున్నే పని పోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఇక మా ఈడు వాళ్లకు మిగిలింది బోలెడు తీరిక, చేతిలో ఒక ఫోను, అందులో ప్రపంచంలోని తెలివంతా. మెకానికల్ డిప్లొమాలో రెండు సబ్జెక్టులు తప్పిన నేను (అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి) నన్ను నేను నిఖార్సయిన ఇంజనీరుగానే లెక్కేసుకునేవాణ్ణి. ప్యానెళ్ల సామాను దింపడానికి వేసిన కాంక్రీటు మైదానం ఖాళీ అయిందనీ, అందులో ఆదివారం డ్రమ్ముల చుట్టూ కార్ల పందెం పెడుతున్నారనీ తెలియగానే, ఆ కప్పు నాదేనని ఇంట్లో అందరికీ చెప్పేశాను.

కారు మాత్రం నాది కాదు, మా మేనమామది. నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగిన మామ మందను అమ్మేసి పాత అంబాసిడర్ కొని, సోలార్ ఆఫీసు ఇంజనీర్లకు తోలుతూ బతుకుతున్నాడు. పందేనికని అడిగితే శనివారం పొద్దున తాళంచెవి నా చేతిలో పెట్టి, “అల్లుడా, సోమవారం ఎనిమిదికంతా బండి ఆఫీసు గేటు కాడ ఉండాల. నా కూడు దాని మీదే ఉండాది” అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు మొదటినుంచీ మంచి పేరుంది.

పరీక్ష చేద్దామని కారును నాగలమడిక దగ్గర పినాకినీ ఇసుకలోకి తోలాను. మా ఏట్లో నీళ్లు కనబడవు గానీ ఇసుకకు కొదవలేదు. వెనక చక్రం ఒకటి గిరగిరా తిరిగింది, రెండోది చేతులు కట్టుకుని నిలబడింది. తప్పంతా వెనక ఇరుసు మధ్యన ఉండే డిఫరెన్షియల్‌దని ఫోను తేల్చి చెప్పింది. కంపెనీ ఇచ్చిన మామూలు రకం రేసుకు పనికిరాదట. జారే చక్రాన్ని కొంత పట్టి ఉంచే రకం మంచిదట గానీ దాన్ని తెప్పించే తాహతు నాకు లేదు. మూడో రకం, లోపలి పళ్లచక్రాలను కలిపి అతికేసి రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగేలా చేయడం. దానికి నాలుగు వెల్డింగు కడ్డీలు, కాస్త తెగింపు చాలు. మా వెల్డరును అందరూ నిప్పన్న అంటారు. ఆయన లోపలికి తొంగి చూసి, “ఒకతూరి అతికినాక ఊడదప్పా, ఆలోచన చేసుకో” అన్నాడు. గొర్రెలు కాసిన మనిషికి డిఫరెన్షియల్ గురించి ఏం చెబుతాం అనుకుని, మామను అడగకుండానే అతికించేశాను.

సాయంత్రం అదే ఇసుకలో కారు రివ్వున దూసుకుపోయింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇసుకలో చక్రం ఎటైనా జారుతుంది, రేసు జరిగేది జారనివ్వని కాంక్రీటు మీద అన్న సంగతి ఆ పెరిగిన ఛాతీకి తట్టలేదు.

ఆదివారం మామ ఉతికిన పంచె కట్టుకుని వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. జెండా ఊపగానే నేనే ముందున్నాను (ఎంతసేపని అడగకండి). మొదటి డ్రమ్ము దగ్గర స్టీరింగు మొత్తం తిప్పాను. ముందు చక్రాలు తిరిగాయి, వెనక చక్రాలు ఒప్పుకోలేదు. కారు కీచుమంటూ నేరుగా మజ్జిగ పంచే పందిరివైపు నడిచింది. మైకులో ఒకాయన కన్నడంలో “తిరుగ్సప్పా! తిరుగ్సప్పా!” అని, బండి తిప్పమని అరుస్తున్నాడు. నేను చేస్తున్నది అదే. అంతలో వెనక టప్పుమని ఇరుసు విరిగి, మజ్జిగ కుండకు మూరెడు దూరంలో కారు ఆగింది.

మామ వచ్చాడు. నేను చేసింది చెప్పాను. ఆయన కారు కిందికి వంగి చూసి, లేచి పంచె దులుపుకున్నాడు. “మందను మలిపేటప్పుడు బయటి గొర్రె పరిగెత్తాల, లోపలి గొర్రె మెల్లగా నడవాల. రెండిటి మెడలూ కలిపి కట్టేస్తివి. యాడ తిరుగుతాయప్పా?” అన్నాడు. మూడు రకాల డిఫరెన్షియళ్ల మీద నేను చూసిన వీడియోలన్నీ ఆ రెండు ముక్కల్లో ఉన్నాయి. నాకు తల ఎత్తాలనిపించలేదు.

సోమవారం ఎనిమిదికి ఆఫీసు గేటు దగ్గర మామ ఉన్నాడు, బండి లేదు. హిందూపురం పాత సామాన్ల దుకాణంలో ఇంకో ఇరుసు వెతికి, బస్సులో వేసుకొచ్చి బిగించేసరికి పది రోజులు పట్టింది. అప్పటికి ఆఫీసువాళ్లు వేరే బండి పెట్టుకున్నారు. మామ ఆ తరువాత పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తోలుకున్నాడు. ఏమైందని మా అమ్మ అడిగితే, “పాత బండి గదక్కా, ఇరిగింది” అన్నాడు. అంతకుమించి ఆయన ఎవరికీ చెప్పలేదు. తిట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు పావగడలో నాకొక మెకానిక్ షెడ్డు ఉంది. అప్పుడప్పుడు పడుచువాళ్లు వచ్చి, రేసుకు ఏ డిఫరెన్షియల్ మంచిదన్నా అంటూ ఫోను నా ముక్కు కింద పెడతారు. నేను వీడియో చూడను. “బండి ఎవరిదప్పా?” అంటాను. మా నాయనది అనో, చిన్నాయనది అనో నసుగుతారు. అయితే ఆయన్ని పిలుచుకొని రమ్మంటాను. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రారు. ఇలాగైతే షెడ్డు నడిచినట్టేనని మా ఆవిడ విసుక్కుంటుంది. నిజమే. అయినా అడగకుండా ఉండలేను.