మిరప కళ్లంలో దేవదూతలు

మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో దేవదూతల ప్రస్తావన ఉన్న పుస్తకాలన్నీ నేను ఒకే చలికాలంలో చదివేశాను. పెద్ద గుట్టేమీ కాదు. అందులో ఒకదానికి అట్ట కూడా లేదు. అయినా పదో తరగతితో బడి మానేసిన నాకు అది చిన్న విజయం కాదు. క్రిస్మస్ కార్డుల మీద బూరెబుగ్గల పిల్లలకి కోడిపిల్ల రెక్కలు అతికించి దేవదూతలంటారే, అదంతా బొమ్మలు వేసేవాళ్ల సొంత కవిత్వమని నాకు తెలిసిపోయింది. అసలు దూతల్లో సెరాపులనే వాళ్లకు ఆరేసి రెక్కలు. రెంటితో ముఖం కప్పుకుంటారు, రెంటితో కాళ్లు కప్పుకుంటారు, మిగిలిన రెంటితో ఎగురుతారు. కెరూబులకైతే నాలుగేసి ముఖాలు, ఒళ్లంతా కళ్లు. అలాంటిదాన్ని ఉన్నదున్నట్టు కార్డు మీద వేస్తే పండగపూట పిల్లలకి జ్వరాలొస్తాయి.

ఇంత జ్ఞానం కడుపులో పెట్టుకుని ఊరుకోవడం కష్టం. చెప్పే అవకాశం మార్చి నెలలో, మా మిరప కళ్లంలోనే దొరికింది.

మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. కళ్లంలో కాయ ఎండాక, బస్తాలకెత్తే ముందు, మా చర్చి అయ్యగారిని, అదే పాస్టరుగారిని, పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేయించాలి. సంఘస్తులంతా వస్తారు. ప్రార్థన అయ్యాక టీ, కారబ్బూందీ. ఆ ఏడు అమ్మ కౌలుకి వేసిన మిరప మొత్తం రోడ్డు పక్కన నేల మీద పరిచి ఉంది. మేం ఏడాదంతా పడ్డ పాటూ, వచ్చే ఏడాది తినబోయే తిండీ అదే. ఎండిన కాయ మీద ఒక్క జల్లు గట్టిగా పడిందంటే రంగు పోయి తాలు కింద లెక్క. మిర్చి యార్డులో వ్యాపారి కాలితో తోసి చూస్తాడు.

పొద్దున్నుంచీ పడమట మబ్బు పడుతోంది. అమ్మ కప్పే పట్టాలు చుట్టగా చుట్టి దగ్గర పెట్టుకుంది.

“ప్రార్థన రేపు పెట్టుకుందామా?” అన్నాను.

“నోర్మూసుకో. మబ్బేసిందని దేవుడి సేవకుణ్ని తిప్పి పంపుతామా?”

అయ్యగారు మోపెడు మీద వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. వచ్చీ రాగానే ఘాటుకి గొంతు పట్టేసింది.

“అమ్మాయ్, నువ్వేదో దూతల గురించి తెగ చదివావంట. రెండు మాటలు సాక్ష్యం చెప్పు. ఈలోపు నా గొంతు సర్దుకుంటుంది.”

చెంగు తల మీదికి లాక్కుని లేచాను. రెండు మాటలతో ఎక్కడ ఆగుతాను? ఏమీ లేని చీకటితో మొదలుపెట్టి, నక్షత్రాల దూరాలు చెప్పి, వాటన్నిటినీ పిల్లల గోళీల్లా చల్లినవాడి మహిమ చెప్పి, సెరాపుల రెక్కల దగ్గరకొచ్చాను. 

మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, గుళ్లో కూడా ఎవరికీ జంకదు. “ఆరు రెక్కలా? మరి రవిక ఎట్టా తొడుక్కుంటారే?” అంది.

అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నవ్వండి! ఆయన మహిమ ముందు అంతటి దూతలే చూడలేక ముఖాలు కప్పుకుంటున్నారు. ప్రార్థనలో ఓరకంట బూందీ పళ్లెం చూసేవాళ్లం, మనమెంత?”

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పిన్ని తల దించుకుంది.

అయ్యగారి ప్రార్థన ఎలా ఉంటుందో చెప్పాలి. దేవుణ్ని ఏదైనా అడిగే ముందు, సృష్టి మొదలుకుని దేవుడు చేసిన పనులన్నీ దేవుడికే వరసగా గుర్తు చేస్తారు. ఆదివారాలు ముసలాళ్లు ఓ కునుకు తీసి లేచేసరికి ఆయన ఇంకా చేపలు, పక్షుల దగ్గరే ఉంటారు. మామూలుగా అయితే సగం సంఘం ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. ఆ రోజు నా పుణ్యమా అని అందరూ కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆడవాళ్లయితే కొంగులు ముఖాల మీదికి దించేశారు.

“చీకటిని పారద్రోలినవాడా, నీళ్లకు గట్టు వేసినవాడా...” అని అయ్యగారు అందుకున్నారు.

దూరంగా గుడగుడమంది. చీమకుర్తి గ్రానైటు లారీ అనుకున్నాను. ఆ రాళ్ల లారీలు వస్తుంటే మా కళ్లం కింద నేల కూడా అదురుతుంది. మళ్లీ గుడగుడ. ఇవాళ లోడ్లు బాగా పోతున్నాయి అనుకున్నాను. తర్వాత అడిగితే అందరూ అదే అనుకున్నామన్నారు.

“మబ్బులను తోలువాడా...”

చల్లగాలి కొట్టింది. ఆత్మ దిగిందనుకుని ఎవరో “స్తోత్రం!” అన్నారు. నాకూ ఒళ్లు జలదరించింది. నా సాక్ష్యం అప్పుడే ఫలించిందనుకున్నాను.

ముక్కు మీద చినుకు పడింది. ఇప్పుడేం చేయాలి? ఇంతమందిని గద్దించినదాన్ని, నేనే ముందు కళ్లు తెరిస్తే పిన్ని బతకనిస్తుందా? ఇంకో చినుకు మెడ మీద పడింది. కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

“ఆమేన్!”

అమ్మ కేక అది. గుళ్లో ఏనాడూ గొంతెత్తి పాట కూడా పాడని మనిషి.

అయ్యగారు సృష్టిలో అప్పటికి చెట్ల దగ్గరే ఉన్నారు. “అమ్మా, ఇంకా అవలేదు...” అన్నారు, కళ్లు తెరవకుండానే.

“ఆమేనంటే ఆమేనే అయ్యగారూ! వాన!”

ఆమేన్ చెవిన పడితే తిరిగి ఆమేన్ అనడం మా వాళ్ల ఒంటికి పట్టిన అలవాటు. అందరూ అనేశారు. అన్నాక కళ్లు తెరవాలి కదా, తెరిచారు. తెరిచాక మబ్బు కనపడింది. ఇక చూడాలి ఆ పరుగు!

“చివర లాగవే! అటు చివర! ఆరు రెక్కలు లేకపోయినా రెండు చేతులున్నాయిగా నీకు!” పిన్ని అరుస్తోంది.

గాలికి పట్టా తెరచాపలా లేస్తోంది. రాళ్లు దొరక్క అయ్యగారు తెల్ల ప్యాంటుతోనే అంచు మీద కూర్చుండిపోయారు. ఆయన బరువు సంఘానికి అంతగా పనికొచ్చింది ఆ రోజే.

పట్టా మూల పట్టుకుని, నెత్తి మీద నుంచి నీళ్లు కారుతుంటే, నేను దేవుడి మహిమ గురించే ఆలోచించాను. అన్ని నక్షత్రాలున్న ఆసామి, వాటన్నిటి మధ్యా తీరిక చేసుకుని మా అమ్మ కళ్లం మీద జల్లు కురిపిస్తున్నాడు. పుస్తకాల్లో ఎక్కడో అందని దూరాన ఉన్నవాడు ఇంత దగ్గరికొస్తే భక్తి కలగాలి. నాకు చిరాకే కలిగింది. అయినా ఆయన గొప్పతనం అంత బాగా అర్థమైంది మాత్రం అప్పుడే.

వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే పోయింది. పట్టాలు తీశాం. రోడ్డు వైపు కాయ కొంచెం తడిసింది. అమ్మ అక్కడ గొంతుకూర్చుని ఒక కాయ తీసి చెంగుతో తుడిచింది.

అయ్యగారు మెల్లగా, “ప్రార్థన ముగించమంటావా అమ్మా?” అన్నారు.

“మాట్లాడకండి.”

ఎండిన కాయని ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. తడి లోపలికి దిగితే చప్పుడుండదు. అమ్మ కాయని చెవి దగ్గర పెట్టుకుంది. అంతమందిమీ చుట్టూ మూగాం. అమ్మ ఊపింది.

గలగలమంది.

ఇంకోటి తీసింది. అదీ మోగింది. అమ్మ అట్లాగే కూర్చుని ఒక్కొక్కటీ ఊపి చూస్తోంది. బురద ప్యాంటుతో అయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. తనూ ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపారు. అది గలగలమన్నా నమ్మకం కుదరనట్టు మళ్లీ ఊపారు.